గడప దాకా వచ్చిన చదువులమ్మకు

అమ్మా దూరవిద్యా! నిన్ను పొగడకుండా మన్యంలో చదువు గురించి ఒక్క వాక్యం రాయలేం. అరకులోయ నుంచి ముంచింగిపుట్టు దాకా, పాడేరు నుంచి చింతపల్లి మీదుగా సీలేరు దాకా, అంగన్‌వాడీలోనో గ్రామ సచివాలయంలోనో కాఫీ గోదాములోనో పనిచేసేవాళ్లను డిగ్రీ ఎక్కడ చేశారని అడిగితే నీ పేరు వినబడుతూనే ఉంటుంది. పెళ్లై, పిల్లలు పుట్టాక ఓపెన్ టెన్త్ రాసి గట్టెక్కిన తల్లులున్నారు. పగలు కూలికి పోయి రాత్రి నీ పుస్తకం తెరిచినవాళ్లున్నారు. వాళ్లందరి తరఫున నీకు దణ్ణం పెడుతున్నాను. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును పేరుపేరునా పొగిడాడు. ఆ పొగడ్త పూర్తయ్యేసరికి దేవుడు సంజాయిషీ చెప్పుకోవలసిన స్థితిలో పడ్డాడు. అలా పొగడాలంటే ముందు దేవుడి మీద నమ్మకం ఉండాలి. నాకు నీ మీద ఉంది. నేనిక్కడ చెప్పే ప్రతి గుణమూ నీలో నిజంగా ఉన్నదే.

నీ వంశం గొప్పది. మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో కరెస్పాండెన్స్ కోర్సుగా కళ్లు తెరిచావు. పదేళ్లకు, 1972లో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చావు. 1982 ఆగస్టు 26న దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలో మొదలైంది. ఈ ఘనత తెలుగువాళ్లది. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి పనితనం చూసి, 1985లో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో పెట్టినప్పుడు దానికీ ఆయన్నే తొలి ఉపకులపతిని చేశారు. 1991లో మన విశ్వవిద్యాలయం అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. అదే ఏడాది సార్వత్రిక పాఠశాల సొసైటీ కూడా వచ్చింది. ఇంటర్ చదవకపోయినా, పద్దెనిమిదేళ్లు నిండి, ఒక అర్హత పరీక్ష నెగ్గితే చాలు, డిగ్రీలో చేరొచ్చన్నావు. మన దగ్గర అంతకుముందు ఏ కాలేజీ గుమాస్తా నోటా వినని మాట అది. చదువు గడప దాకా వస్తుందని మాటిచ్చావు. వచ్చావు కూడా.

ఎన్ని రూపాల్లో వచ్చావని! తపాలా కట్టగా వచ్చావు. ఆదివారం కౌన్సెలింగ్ క్లాసుగా వచ్చావు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లో రెండు వేల నాలుగు వందల ఊళ్లకు ఉపగ్రహం నుంచి టీవీ పాఠాలు దించావు, అందులో ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి. 2004 సెప్టెంబరులో చదువు కోసమే చేసిన ఎడ్యుశాట్ మన శ్రీహరికోట నుంచే పైకి లేచింది. 2017 జూలైలో ‘స్వయం’ అనే ఆన్‌లైన్ వేదికవయ్యావు. కరోనా ఏడాదుల్లో ఫోను తెరవయ్యావు. 2021 మేలో యూజీసీ నీకు బ్లెండెడ్ అని పేరుపెట్టి, ఏ కోర్సులోనైనా నూటికి నలభై వంతుల దాకా ఆన్‌లైన్‌లో చెప్పొచ్చని ముసాయిదా తెచ్చింది. అంటే ఇప్పుడు నీ కోసం వేరే విశ్వవిద్యాలయంలో చేరనక్కర్లేదు, రోజూ కాలేజీకి వెళ్లే పిల్లల తరగతి గదిలోకే నడిచి వచ్చావు.

అన్నిటికన్నా నేను మొక్కేది నీ నిరాడంబరతకు. నీకు క్వార్టర్సు అక్కర్లేదు. ఏజెన్సీ అలవెన్సు అడగవు. వచ్చిన రోజు నుంచే మైదానానికి బదిలీ పెట్టుకోవు. వానాకాలంలో నీకు మలేరియా రాదు. గెడ్డ పొంగితే ఆగిపోవు. మన్యం పోస్టింగంటే పనిష్మెంటు కింద లెక్కగట్టే ఉద్యోగ లోకంలో, మారు మాట్లాడకుండా కొండెక్కింది నువ్వొక్కదానివే. నీ పుస్తకాల కట్టకు ఒక బీరువా, నీ క్లాసుకు సెలవు రోజున ఖాళీగా ఉన్న ఒక గది, అంతే. ఇంత తక్కువతో సర్దుకునే నిన్ను చూసి, ఎక్కువ అడిగేవాళ్లను పక్కన పెట్టడం అందరికీ అలవాటైంది. కెమిస్ట్రీ లెక్చరరు కావాలి, హాస్టల్లో ఇంకో గది కావాలి, ఊరికి బస్సు కావాలి అని అడిగేవాళ్లకు ఇప్పుడు ఒకటే జవాబు: ఆన్‌లైన్‌లో ఉంది కదా. 2017 ఏప్రిల్లో అరకు రైలుకు అద్దాల పెట్టె తగిలించారు, లోయ అందం చూడవచ్చేవాళ్ల కోసం. ఆ రైలు దిగి పాఠం చెప్పే మనిషి వచ్చాడా అని మా పిల్లలు చూశారు. ఆ జూలైలో నువ్వు వచ్చావు. నువ్వు వచ్చావు కనుక ఇక ఎవరూ రానక్కర్లేదని తీర్మానమైపోయింది. తల్లీ, నీ రాక అంత శక్తిమంతమైనది.

నీ ఔదార్యం విశాఖలోనూ చూశాను. అక్కడ బ్యాంకు ఉద్యోగి ప్రమోషన్ కోసం ఎంబీఏ చేస్తాడు. నౌకాదళంలో ఉన్నాయన డిగ్రీ పూర్తిచేసుకుంటాడు. గృహిణి పెళ్లితో ఆగిపోయిన ఎంఏ అందుకుంటుంది. వాళ్ల వీధి చివర కాలేజీ ఉంది, సాయంత్రం కోచింగుంది, అడగడానికి అన్నయ్యో అక్కో ఉన్నారు. అవన్నీ ఉండగా వాళ్లు నిన్ను కోరి ఎంచుకున్నారు. మన్యంలో నీ దగ్గరికి వచ్చే పిల్లకు ఎంచుకునే పని నువ్వే తప్పించావు. పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాల, ఆపైన సీటు దొరికితే ఇంటరు, ఆపైన నువ్వు. పట్నంలో రెండో అవకాశంగా ఉన్నదానివి కొండ మీదికి వచ్చేసరికి మొదటి అవకాశానివీ చివరి అవకాశానివీ అయ్యావు. అంత పెద్ద బాధ్యతను తలకెత్తుకోవడం సామాన్యమా? దాన్ని మోయడానికి మాత్రం పట్నంలో తెచ్చుకున్న ఆ పుస్తకాల సంచే ఇక్కడికీ తెచ్చుకున్నావు.

ఆ సంచిలోని పుస్తకం ఒకటి దగ్గరగా చూపిస్తాను. అర్థశాస్త్రం, డిమాండు మీద పాఠం. నీ పుస్తకాలన్నిట్లో నాకు ఇష్టమైన భాగం ఒకటుంది. ప్రతి రెండు మూడు పేజీలకు ఒక గడి గీసి, మీ ప్రగతిని సరిచూసుకోండి అంటావు. ఒక ప్రశ్న అడిగి, కింద చుక్కల గీతలు మూడు వదులుతావు. నీ అంత ఓర్పు గల గురువు లోకంలో లేరు. ఎన్నాళ్లైనా ఆ గీతల దగ్గర నిలబడి ఎదురుచూస్తావు. జవాబు తప్పయితే కసరవు. ఒప్పయితే భుజం తట్టవు. అసలు రాయకపోయినా ఏమీ అనవు.

నేను కౌన్సెలింగ్ క్లాసు చెప్పే ఒక ఆదివారం, డుంబ్రిగూడ వైపు గెడ్డ దాటి వచ్చే అమ్మాయి ఒకతె ఆ పుస్తకం నా ముందు పెట్టింది. క్లాసుకు రావాలంటే ముందురోజే బయల్దేరి చుట్టాలింట్లో పడుకోవాలి, లేకపోతే తెల్లవారకముందే నడిచి సర్వీసు జీపు అందుకోవాలి. చర్చికి వెళ్లే ఇల్లయితే ఆదివారం మరీ కష్టం. కాఫీ పళ్లు కోసే రోజులు, అంటే నవంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా, ఏ రోజైనా కష్టమే. ఆమె ఇంటివాళ్లకు సిల్వర్ ఓక్ చెట్ల కింద కొంచెం కాఫీ తోట ఉంది, చెట్లకు మిరియాల తీగలు పాకించారు. గడిలో ప్రశ్న: ప్రత్యామ్నాయ వస్తువులంటే ఏమిటి, ఉదాహరణ ఇవ్వండి. పాఠం చివర నువ్విచ్చిన జవాబు: టీ, కాఫీ. టీ ధర పెరిగితే కాఫీకి గిరాకీ పెరుగుతుంది. దేశమంతటా అర్థశాస్త్రం ఆ ఉదాహరణతోనే మొదలవుతుంది.

ఆమె పెన్సిల్‌తో రాసిన జవాబు మూడు గీతలకు చాలక మార్జిన్‌లోకి ఎక్కింది. మా ఊళ్లో టీ ఎవరూ పండించరు. కాఫీ ధర సంతకు వచ్చే షావుకారు చెబుతాడు. జీసీసీ వాళ్లు ధర ప్రకటించిన ఏడాది ఆయన కొంచెం పెంచుతాడు. కాబట్టి మాకు ప్రత్యామ్నాయం షావుకారు, జీసీసీ. ఇదీ ఆమె రాసింది.

“తప్పా సార్?” అని అడిగింది.

తల్లీ, ఆ జవాబు మామూలుది కాదు. ఆ పిల్ల నీ పుస్తకాన్ని తన తోటలో నిలబడి చదివింది. అడిగిన ప్రశ్న కొనేవాళ్ల వైపు నుంచి. ఆమె జవాబిచ్చింది అమ్మేవాళ్ల వైపు నుంచి. కొనేవాడు ఒక్కడే ఉన్న సంతలో ధర ఎలా కుదురుతుంది, ఇంకొక కొనుగోలుదారు వస్తే ఏమవుతుంది అనేది అర్థశాస్త్రంలో వేరే అధ్యాయం. 1956లో గిరిజన సహకార సంస్థను, అంటే ఆ జీసీసీని, పెట్టిన కారణమే అది. ఆమె ఆ అధ్యాయం గుమ్మంలో నిలబడి ఉంది. ఒక్క వాక్యం చెప్పి లోపలికి తీసుకెళ్లే మనిషి అక్కడ రోజూ ఉండాలి. నేను చెప్పగలిగింది చెప్పాను. గంటకు మూడు పాఠాలు పూర్తిచేయాలి, మధ్యాహ్నం జీపు పోతే సాయంత్రం దాకా ఇంకోటి లేదు. ఆ తర్వాత అదే జవాబును ఆమె అసైన్‌మెంట్‌లోనూ రాసి పంపింది. మార్కులు పడ్డాయి. కాగితం తిరిగి రాలేదు. తప్పో ఒప్పో ఆమెకు ఇప్పటికీ ఎవరూ రాసి చెప్పలేదు.

నీ సమదృష్టి గురించి చెప్పకపోతే స్తోత్రం పూర్తికాదు. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉన్నవాడికీ గెడ్డ అవతల ఉన్నామెకూ ఒకటే పుస్తకం, ఒకటే ప్రశ్నపత్రం, ఒకటే చివరి తేదీ. నీకు ఎక్కువ తక్కువలు లేవు. కోదుల పిల్ల ఇంట్లో కువి మాట్లాడుతుంది, సంతలో ఆదివాసీ ఒడియా మాట్లాడుతుంది, బడిలో తెలుగు నేర్చుకుంది. ఆమెకు తెలుగు మూడో భాష. ఇక కాలేజీకి పోదామంటే, 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే అన్నారు, అది నాలుగోది. నువ్వు ఈ భాషల్లో దేనిమీదా పక్షపాతం చూపలేదు. ఆమె ఎన్ని భాషలు దాటి నీ దగ్గరికి వచ్చిందో ఒక్కసారీ అడగలేదు. గదబ, పోరజ, కోదు, కొండదొర, వాల్మీకి, బగత, కోటియా, ఎవరు వచ్చినా నీకు ఎన్‌రోల్‌మెంటు నంబరే. ఊరిలో కులం అడిగి బెంచీ చూపించే చదువును ఎరిగినవాళ్లకు ఇది పెద్ద గౌరవం, నేను కాదనను. కానీ అందరికీ ఒకే చివరి తేదీ పెట్టినప్పుడు, వారంలో ఒక రోజు మాత్రమే ఊరు దిగే మనిషికి ఆ తేదీ ఆరు రోజుల దాకా ముందే అయిపోతుంది. అది కూడా నీ సమదృష్టిలోంచి పుట్టినదే.

కొండ ఎక్కడం నేర్పినదానివీ నువ్వే. ప్రతి ఊరికీ ఒక సిగ్నల్ చోటు ఉంటుంది. ఒక రాతిగుట్ట, ఒక పనస చెట్టు, రోడ్డు మలుపులో ఒక కల్వర్టు. ఫోను ఫలానా వైపు తిప్పి పట్టుకుంటే రెండు గీతలు వస్తాయని ఊరంతటికీ తెలుసు. టవర్లు పెరిగాయి, ఇంకా పెరుగుతున్నాయి, అయినా ఆ చోట్లు ఖాళీ కాలేదు. కరోనా కాలంలో పిల్లలు అక్కడికే పుస్తకాలు పట్టుకుపోయారు. నీ వీడియో పాఠం అక్కడ గిరగిరా తిరుగుతూ, ఆగుతూ, మాస్టారి నోరు తెరుచుకున్న దగ్గర నిలిచిపోతూ సాగింది. నువ్వు మాత్రం అలసిపోలేదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడానికి నీకెప్పుడూ అభ్యంతరం లేదు. డేటా అయిపోయేది వాళ్లకే.

ఫీజు కట్టడం చూస్తే నీ జాగ్రత్త ఎంతటిదో తెలుస్తుంది. అమ్మాయి సంతకు దిగి నెట్ సెంటర్‌కు వస్తుంది. ఫారం నింపుతారు. ఆధార్‌కు కట్టిన నంబరుకు ఓటీపీ పంపుతావు. ఆ ఫోను అన్న దగ్గర ఉంది, అన్న తోటలో ఉన్నాడు. ఎవరో ఊరివాళ్లకు ఫోన్‌చేసి, వాళ్లు పరుగెత్తి, అన్న సిగ్నల్ చోటుకు ఎక్కి, అంకెలు చదివి వినిపించేసరికి నీ నిమిషాలు దాటిపోతాయి. రెండోసారి పంపుతావు. మూడోసారి కూడా పంపుతావు. దొంగ ఎవరూ ఆ అమ్మాయి పేరుతో చరిత్ర, అర్థశాస్త్రం చదివేయకుండా అంత కట్టుదిట్టంగా కాపలా కాస్తావు. సర్వీసు చార్జీ నెట్ సెంటర్ ఆయన తీసుకుంటాడు, ఆయన తప్పేమీ లేదు. మీరంతా ఎవరి పని వాళ్లు సరిగా చేశాక, ఆమె ఆ వారం ఫీజు కట్టకుండా ఇంటికి పోతుంది.

నీ ఐశ్వర్యం కూడా చూశాం. 2024 ఫిబ్రవరిలో రాష్ట్రం ఎడెక్స్‌తో చేయి కలిపి రెండు వేలకు పైగా కోర్సులు డిగ్రీ పిల్లలకు ఉచితంగా తెరిచింది. హార్వర్డ్, ఎంఐటీ కలిసి 2012లో పెట్టిన వేదిక అది. ప్రపంచంలో పేరున్న ఆచార్యులు పాడేరులో ఉన్న పిల్లకు పాఠం చెప్పడానికి సిద్ధంగా ఉన్నారంటే నాకు నిజంగానే ఒళ్లు పులకరించింది. ఆ పాఠంలో సందేహం వస్తే అడగడానికి పక్క గదిలో ఒక రెగ్యులర్ లెక్చరరు ఉంటే ఆ ఐశ్వర్యం ఆమెది అవుతుంది. లేకపోతే సర్టిఫికెట్ ఆమెది, ఐశ్వర్యం నీదే. ప్రయోగశాల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. టైట్రేషన్‌లో రంగు మారే క్షణాన్ని తెర మీద చూపిస్తావు, చాలా స్పష్టంగా కూడా ఉంటుంది. బ్యూరెట్ తిప్పే చెయ్యి మాత్రం ఎప్పుడూ నీదే.

ఇప్పుడు నీ మౌనం గురించి. నీ పూర్వీకుల్లో ఐజాక్ పిట్మన్ అనే ఇంగ్లీషాయన ఉన్నాడు. 1840 నుంచి షార్ట్‌హ్యాండును తపాలాలో నేర్పాడు. శిష్యులు రాసి పంపిస్తే దిద్ది తిరిగి పంపేవాడు. దూరవిద్యకు ప్రాణం అక్కడుంది, ఆ తిరుగు టపాలో. 1951లో ఆస్ట్రేలియా నడిబొడ్డున ఆలిస్ స్ప్రింగ్స్‌లో గాలిలో బడి అని ఒకటి పెట్టారు. వందల మైళ్ల దూరాల్లో పశువుల క్షేత్రాల్లో ఉండే పిల్లలకు రేడియోలో పాఠాలు. అక్కడి రేడియో రెండు వైపులా పలికేది. టీచరు అడిగేది, పిల్ల జవాబు చెప్పేది, తప్పుచెబితే టీచరు అప్పుడే దిద్దేది. దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలా జైల్లో ఉండి దూరవిద్యలో న్యాయశాస్త్రం చదివి, 1989లో యూనీసా విశ్వవిద్యాలయం నుంచి పట్టా అందుకున్నాడు. జైలు గోడ దాటి కూడా నువ్వు పోగలవు. అంత శక్తి ఉన్నదానివి.

అలాంటిదానివి, మా దగ్గర పంపడం మాత్రమే నేర్చుకున్నావు. పుస్తకం పంపుతావు, లింకు పంపుతావు, చివరి తేదీ గుర్తుచేస్తూ మెసేజి పంపుతావు. చాలా కోర్సుల్లో అసైన్‌మెంట్లకు నూటికి ముప్పై మార్కులు పెట్టావు. అవి దిద్ది, మార్జిన్‌లో నాలుగు మాటలు రాసి, తిరిగి ఇవ్వాలని నీ నిబంధనల్లోనే ఉంది. ఆ నాలుగు మాటలే దూరాన ఉన్న విద్యార్థికి గురువు. అవి ఆగిపోయాక పిల్లలు పాత బ్యాచి కాగితాలు చూసి రాయడం మొదలుపెట్టారు. బజార్లో గైడ్లు వచ్చాయి. డబ్బు తీసుకుని రాసిపెట్టేవాళ్లు వచ్చారు. ఎవరూ చదవని కాగితం మీద సొంతంగా ఆలోచించడం ఎందుకని పిల్లలు అనుకుంటే వాళ్లను ఏమనగలం? వాళ్లు నిన్ను చూసే నేర్చుకున్నారు.

నువ్వు ఎవరి మీదా భారం మోపలేదని ప్రభుత్వాలు నిన్ను మెచ్చుకోవాలి. 2020లో మొదలైన జగనన్న విద్యాదీవెన ఫీజు రీయింబర్స్‌మెంటు దూరవిద్య, కరెస్పాండెన్స్ చదువులకు వర్తించదని నిబంధనల్లో రాశారు. అంటే, కాలేజీకి రాగలిగిన పిల్ల ఫీజు ఖజానా కట్టింది. రాలేని పిల్ల ఫీజు ఆమె పసుపు అమ్మి కట్టుకుంది. నీ పట్టా కాలేజీ పట్టాతో సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీ మరోమారు స్పష్టంచేసింది, సంతోషం. పట్టా సమానమైనప్పుడు దానికి పెట్టే ఖర్చు ఎందుకు సమానం కాదో నువ్వెప్పుడూ అడగలేదు. ఈ పట్టాలు పట్టుకున్నవాళ్లలో చాలామంది టీచరు ఉద్యోగం మీద ఆశపెట్టుకున్నారు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. తమ ఊరి బడిలో తమ భాష తెలిసిన టీచరుగా నిలబడాలనుకున్న ఒక తరానికి అప్పటి నుంచి కాళ్ల కింద నేల కదిలింది.

హద్దులు చెరిపేదానివి హద్దుల్లోనూ చిక్కుకున్నావు. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఉండిపోయింది. ఆ తర్వాత పదేళ్లు గడిచినా ఆంధ్రప్రదేశ్‌కు సొంత సార్వత్రిక విశ్వవిద్యాలయం రాలేదు. దేశానికి దారి చూపించిన రాష్ట్రమే ఇలా మిగిలింది. విశాఖలోని ఇగ్నో ప్రాంతీయ కేంద్రం, ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్యా విభాగం చేస్తున్న సాయం చిన్నదేం కాదు. కానీ మన్యం కోసమే, మన్యం పంటల కాలెండరు చూసుకుని, మన్యం భాషలు తెలుసుకుని ఆలోచించే బాధ్యత ఏ ఒక్క కార్యాలయం మీదా పడలేదు.

అలా ఆలోచించడం అసాధ్యమేమీ కాదు, మన నేల మీదే చేసి చూపించారు. 1943లో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ ఆదిలాబాద్ అడవుల్లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించాడు, గోండీలో వాచకాలు తయారుచేయించాడు. ముందు మనిషిని తయారుచేశారు, ఆ మనిషి చేతికి పుస్తకమిచ్చారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పిల్లలకు పాఠాలు మొదలయ్యాయి. అప్పుడు ఆ పుస్తకాలకు మాటలు కూర్చింది ఆ భాషలు మాట్లాడేవాళ్లే. కువిలో అంకెలు నేర్చుకున్న పిల్ల పెద్దదై నీ దగ్గరికి వచ్చేసరికి కువి ఎక్కడా లేదు.

కాబట్టి తల్లీ, స్తోత్రం అయ్యాక వరాలు అడగడం ఆచారం కనుక అడుగుతున్నాను. కౌన్సెలింగ్ క్లాసు సంత రోజున, సంత జరిగే ఊళ్లోనే పెట్టు. ఆ రోజు కొండలన్నీ దిగి వస్తాయి. ఫీజు తేదీని కాఫీ డబ్బు చేతికొచ్చే నెలకు జరుపు, అపరాధ రుసుము లేకుండా. నీ పాఠాలను సిగ్నల్ అక్కర్లేని మెమరీ కార్డులో ఎక్కించి, స్టడీ సెంటర్‌లో చేతికివ్వు. మొదటి ఏడాది పాఠాల పరిచయం కువిలో, ఆదివాసీ ఒడియాలో చెప్పించి రికార్డు చేయించు. చెప్పగల డిగ్రీవాళ్లు పాడేరు చుట్టుపక్కల ఉన్నారు, వాళ్లలో చాలామంది నీ పట్టాదారులే, వాళ్లకు జీతమివ్వు. ఏజెన్సీ డిగ్రీ కాలేజీల్లో ఖాళీ పోస్టులు నిండేదాకా, ఆన్‌లైన్‌లో ఉంది కదా అనే జవాబుకు నీ పేరు వాడుకోనివ్వకు. అది నీ నోటితో నువ్వే చెప్పాలి, మేం చెబితే ఎవరూ వినలేదు.

ఇంకొకటి, ఈ నెలలోనే చేయగలిగింది. డుంబ్రిగూడ వైపు అమ్మాయి అసైన్‌మెంట్ ఏ గదిలో కట్టల మధ్య ఉందో వెతికించు. కాఫీ ధర ఎవరు చెబుతారో ఆమె రాసిన పేజీ తీయించి, దాని పక్కన ఎర్ర సిరాతో రాయించు: నువ్వు చెప్పింది ఈ ప్రశ్నకు జవాబు కాదు, కానీ కొనేవాడు ఒక్కడే ఉన్న మార్కెట్ అని ముందొక పాఠముంది, నువ్వు రాసినదంతా అందులోదే, అది చదివి మీ సంత గురించి ఇంకో రెండు పేజీలు రాసి పంపు. కింద దిద్దినవాళ్ల పేరు, ఫోన్ నంబరు రాయించి, స్పీడ్ పోస్టులో పంపించు. తపాలా మా ఊళ్లకు ఇంకా వస్తోంది.